పంపు హోరు

వర్క్‌షాపు, మెట్ల కింది టేబుల్ దగ్గర

చంటీ,

ఉత్తరం చూసి ఎవరికేమైందోనని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోనులో అయితే మనిద్దరం మూడో మాటకే పోట్లాటకి దిగుతాం. మొన్న నేను పంపు గురించి అడగబోతే నువ్వు నా స్కూటర్ సర్వీసింగ్ మీద క్లాసు పీకావు, నాకు ఒళ్లు మండి పెట్టేశాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డురాలేవు కదా, అందుకే ఈ పని.

మాకు కొత్త పని వచ్చింది. బరువులెత్తే బండ్లలో బిగించే ఉక్కు దిమ్మలు. ఒక్కోటి ఇటుకంత ఉంటుంది. అందులో నూనె నడవడానికి పెన్సిల్ కన్నా సన్నటి రంధ్రాలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెయ్యాలి. కంప్యూటర్‌తో నడిచే మా సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ మీదే చేస్తున్నాం. మిషన్‌కి మామూలు కూలెంట్ గొట్టం ఉంది. అదే, డ్రిల్లు వేడెక్కకుండా పాలలాంటి నీళ్లు పోస్తూ ఉంటుందే, చిన్నప్పుడు వచ్చినప్పుడల్లా చెయ్యి పెట్టబోయి నాచేత తిట్లు తినేవాడివి. అది పైపైన తడుపుతుందంతే. రంధ్రం లోతుకి పోయేకొద్దీ తురుము బయటికి రాక లోపలే చుట్టుకుని బిగుసుకుంటుంది. తర్వాత డ్రిల్లు టక్కుమంటుంది. ముక్క లోపల ఇరుక్కుందంటే ఆ దిమ్మ తుక్కులోకే.

దీనికి మందు ఎక్కువ ప్రెషర్‌తో కూలెంట్ కొట్టడమేనట. డ్రిల్లు నడుమ సన్నటి కన్నాలుంటాయి. డ్రిల్లుని తిప్పే స్పిండిల్ పైనుంచి కూలెంట్‌ని గట్టిగా తోస్తే ఆ కన్నాల్లోంచి డ్రిల్లు మొనదాకా వెళ్లి, తురుముని వెనక్కి తన్నుకుంటూ వస్తుందట. వినడానికి బాగుంది. కానీ అంత ప్రెషర్ అంటే ఎంత? ఏ పంపు? మా పాత ట్యాంకు సరిపోతుందా? పొద్దస్తమానం కార్లు కడిగే పంపులతో కుస్తీ పట్టేవాడివి నువ్వు. నీకే తెలియాలి.

మీ బావ మాత్రం ససేమిరా అంటున్నాడు. "మిషన్ తలుపు మూసేసి, లోపలంతా నీళ్ల తుంపరతో తెల్లగా చేసేసి, కోత కనపడకుండా కొయ్యడమేంటి?" అంటాడు. మిషన్ దగ్గర ఆయన మాటే మాట, నీకు తెలుసుగా. డ్రిల్లు విరగబోతోందని చప్పుడులోనే పసిగట్టి, ఫీడ్ నాబ్ తిప్పి డ్రిల్లు దిగే వేగం తగ్గించేసే మనిషి. "డ్రిల్లు మాట నాకు తెలీని రోజున ఈ మిషన్ తాళం నీ చేతిలో పెట్టి ఇంట్లో కూర్చుంటా" అని పెళ్లయిన కొత్త నుంచీ అంటున్నాడు. అలాంటివాడి చేతిలో ఇప్పుడు వరసగా డ్రిల్లులు విరుగుతున్నాయి. మనిషి మాట్లాడడం తగ్గించేశాడు. నాకు దిగులుగా ఉంది, చంటీ. అందుకే ఈ పంపు పట్టుదల.

త్వరగా రాయి. సోది తగ్గించి పంపు గురించి రాయి.

అక్క

*

వాషింగ్ స్టేషన్, పైగది

అక్కా,

సోది తగ్గించమని నాలుగు పేజీలు రాసిన మనిషిని నిన్నే చూశాను.

ముందు ప్రెషర్ సంగతి. నీ స్కూటర్ టైరులో గాలి రెండు బార్లు, చిల్లర. మీ కూలెంట్ గొట్టంలోదీ దాదాపు అంతే. నువ్వు చెప్పే పనికి డెబ్బై బార్లు కావాలని ఇక్కడ పంపులమ్మేవాణ్ణి అడిగి తెలుసుకున్నాను. మా వాషింగ్ గన్ వంద దాకా పోతుంది. అది చేతి మీద పడితే తోలు ఊడొస్తుంది. అందుకని తలుపు తీస్తే పంపు దానంతటదే ఆగిపోయేలా స్విచ్ పెట్టించు. ఇది మాత్రం నవ్వులాట కాదు.

ఇంకోటి. ఈ పంపులు సుకుమారపు మనుషులు. మురికి నీళ్లు తాగితే మంచం పడతాయి. మీ ట్యాంకులో ఉక్కు తురుము, పాత నూనె, ఇంకా ఏమేం ఉన్నాయో నాకు ఊహించుకోవాలని లేదు. పంపుకి ముందు మంచి ఫిల్టర్ ఉండాల్సిందే. లేకపోతే ముందు డ్రిల్లు కన్నాలు పూడిపోతాయి, తర్వాత పంపు పోతుంది.

నాకు అర్థం కానిది ఒకటుంది, చెప్పు. అంత సన్నటి కన్నంలోంచి పోయిన నీరు తురుముని ఎలా తోస్తుంది? డ్రిల్లు తిరుగుతుంటే పైనున్న గొట్టం మెలి పడిపోదా? రాత్రి దీని గురించే ఆలోచిస్తూ అన్నం చల్లార్చుకున్నాను.

ఇంకో ప్రశ్న, కోప్పడకూడదు. మా దగ్గర పైపు పగిలితే నేను ముందు పైపుని చూడను, అప్పుడు గన్ ఎవరి చేతిలో ఉందని అడుగుతాను. మీ డ్రిల్లులు ఎవరు నడుపుతున్నప్పుడు విరుగుతున్నాయి?

బావకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు. ఒకసారి ఎత్తి "ఆఁ ఆఁ, సరే సరే" అని పెట్టేశాడు. నేనడిగింది "ఎలా ఉన్నావు బావా" అని. దానికి సరే ఏంటి? నేను నీకు పంపు ఎక్కిస్తున్నానని కోపమా? చిన్నప్పుడు నాకు సైకిల్ నేర్పించినవాడు నాతో ముభావంగా ఉంటే నాకు బాధగా ఉండదా?

నీ తమ్ముడు

*

వర్క్‌షాపు, అదే టేబుల్

చంటీ,

గొట్టం మెలి పడదు. స్పిండిల్ నెత్తిన ఒక జాయింట్ బిగిస్తారట. దాని కింది సగం స్పిండిల్‌తో పాటు తిరుగుతుంది, పై సగం కదలదు. మధ్యలో రెండు నున్నటి ముఖాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ చుక్క కారకుండా పట్టుకుంటాయి. మిషన్ మెకానిక్ వచ్చి పై మూత విప్పి చూపించాడు. మా స్పిండిల్ నడుమ కన్నం ముందే ఉందట! ఇన్నేళ్లుగా దాని ముందు నిలబడి పని చేస్తున్నాం, మాకే తెలీదు. నిచ్చెన ఎక్కి ఆ కన్నంలోంచి టార్చి వేసి చూశాను. కింద టేబుల్ మీద రూపాయంత వెలుగు పడింది. చిన్నపిల్లలా సంబరమేసింది, మెకానిక్ నవ్వాడు కూడా.

తురుము ఎలా వస్తుందో నేను పుస్తకం చదివి తెలుసుకున్నాను. డ్రిల్లుకి చుట్టూ కాలువలుంటాయి కదా. మొన దగ్గర బయటపడిన నీటికి పోవడానికి ఇంక దారి లేదు, ఆ కాలువల వెంటే పైకి రావాలి. వస్తూ వస్తూ తురుముని ఎత్తుకొస్తుంది. పైగా వేడి అక్కడికక్కడే తగ్గడం వల్ల తురుము పొడుగ్గా సాగక చిన్న ముక్కలై విరిగిపోతుందట. ఇప్పుడైతే మేం డ్రిల్లుని కాస్త దింపడం, పైకి లాగి తురుము దులపడం, మళ్లీ దింపడం. ఈ పంపుంటే ఒకే ఊపులో అడుగుదాకా పోవచ్చట. నిజమో కాదో చూడాలని ప్రాణం లాగేస్తోంది.

నీ ప్రశ్నకి జవాబు. మీ బావ నడుపుతున్నప్పుడే విరుగుతున్నాయి. లోతు రంధ్రాలు ఆయనే వేస్తాడు కాబట్టి ఆయన చేతిలోనే విరుగుతాయి, నాచేతిలో విరుగుతాయా? ఇంకేం ఊహించుకోకు.

ఆయనకి జ్వరం వచ్చిన రోజు నేను వేశాను. ఒక్కటీ విరగలేదు. డ్రిల్లు కీచుమనడం మొదలెట్టగానే నాబ్ తగ్గించాను, అంతే. ఆ కూత నాకే తెలిసింది కదా, ఆయనకి తెలీకపోవడమేంటి అని ఒక్క నిమిషం అనిపించింది. తర్వాత పనిలో పడి వదిలేశాను.

నీ మీద ఆయనకి కోపం లేదు. నిన్న అన్నం దగ్గర నీ సంగతి ఎత్తితే తలూపి పప్పు వడ్డించుకున్నాడు. ఆయన తీరే అది, పట్టించుకోకు.

పంపు తెప్పిస్తున్నాను. ఆయన "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట ఎలాంటిదో నీకు తెలుసు.

అక్క

*

వాషింగ్ స్టేషన్, పైగది

అక్కా,

నీ ఉత్తరంలో జ్వరం వచ్చిన రోజు ముక్క రెండుసార్లు చదివాను. నేనేం ఊహించుకోవడం లేదు. నువ్వు మాత్రం నిజంగానే వదిలేశావా? వదిలేసిన సంగతిని ఎవరైనా అంత వివరంగా రాస్తారా?

సరే, దాని జోలికి పోను. పంపు బిగించే ముందు ట్యాంకు అద్దంలా ఉండాలి. పాత కూలెంట్ అంతా తోడించు. ఈ పార్సిల్‌లో మా షాంపూ డబ్బా పంపుతున్నాను. లారీ ఇంజన్ల జిడ్డు కూడా వదలగొడుతుంది. బకెట్ నీళ్లకి నాలుగు మూతలు చాలు. దానితో తోమి, కడిగేసి, కొత్త కూలెంట్ పొయ్యి. పంపు మొదటిసారి ఆన్ చేసినప్పుడు నన్ను తలుచుకో.

బావని అడిగానని చెప్పు. ఈసారి చూసి చెప్పు, నువ్వు చెప్పేటప్పుడు ఆయన నీ మొహంలోకి చూస్తున్నాడా, పళ్లెంలోకి చూస్తున్నాడా అని.

చంటి

*

ఇంట్లో, వంటగది గట్టు మీద

ఒరేయ్ చంటీ,

నిన్ను తలుచుకున్నాను. వీధి వీధంతా తలుచుకుంది.

నువ్వు నాలుగు మూతలన్నావు. మా ట్యాంకు మురికి చూశాక నాలుగు మూతలు ఏ మూలకని డబ్బా అంతా బోర్లించాను. తోమాను, ఒకసారి నీళ్లతో కడిగాను. మిలమిలలాడింది. కొత్త కూలెంట్ పోశాం. మెకానిక్ పంపు ఆన్ చేశాడు. డెబ్బై బార్లు! తలుపు అద్దం అవతల తెల్లటి గోడ లేచింది. అబ్బ అనుకునేలోపు ట్యాంకు మూత కింద నుంచి నురుగు మొదలైంది. పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగింది. మిషన్ కింద నుంచి, పక్కనున్న లేత్ మిషన్ కింద నుంచి, గుమ్మం దాటి వీధిలోకి. అవతల బడ్డీకొట్టు పిల్లలు చేతులతో ఎత్తి నెత్తిన పెట్టుకుంటున్నారు. ఇదంతా నీ షాంపూ మహిమ. కార్లు కడిగేవాడికి నురుగే గొప్ప. మాకు అదే గండం. ఆ ముక్క రాయాలని నీకు తోచలేదు, అడగాలని నాకు తోచలేదు. ఇద్దరికిద్దరం సరిపోయాం.

నవ్వుకున్నావా? ఇప్పుడు మిగతాది చదువు.

పంపు నీళ్లకి బదులు నురుగు మింగింది. లోపలికి గాలి పోయి కేకలు పెట్టింది. అలాంటి కూత నేను పుట్టాక వినలేదు. మా దగ్గర లేత్ నడిపే ఆయన చెవులు మూసుకుని బయటికి పరిగెత్తాడు. మెకానిక్ స్విచ్ కోసం నురుగులో తడుముకుంటున్నాడు. నేను రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని మీ బావని చూశాను. ఆయన ఆ చివర మాకు వీపు పెట్టి నిలబడి, కాలిపర్‌తో దిమ్మ కొలుచుకుంటున్నాడు. తాపీగా. ఒకసారి కొలిచి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ కొలిచాడు. నురుగు చెప్పుల్లోకి వచ్చి కాళ్లు తడిశాక గానీ తల తిప్పలేదు.

తల తిప్పి అందర్నీ చూశాడు. అందరూ చెవులు మూసుకుని ఉండడం చూసి, తనూ మూసుకున్నాడు.

చంటీ, నాకు ఏడుపొచ్చింది. నురుగు కళ్లలో పడిందన్నాను.

డ్రిల్లు కూత ఆయనకి వినపడడం లేదు. పెద్ద చప్పుళ్లు కాస్త తెలుస్తాయేమో, ఆ సన్నటి కీచు మాత్రం అసలు లేదు. నీ ఫోనులో మాట కూడా లేదు. ఎన్నాళ్ల నుంచో! పక్కనే పడుకునేదాన్ని, నాకు తెలీలేదు చూడు. తెలీలేదని రాస్తున్నాను గానీ, నువ్వన్నదే నిజం, తెలుసుకోవాలని అనుకోలేదు.

నాకు తెలిసిందని ఆయనకి చెప్పకు. తెలిసిందంటే తాళం నా చేతిలో పెట్టేస్తాడు. మిషన్ లేకపోతే ఆ మనిషి ఏమైపోతాడు?

అక్క

*

వాషింగ్ స్టేషన్, పైగది

అక్కా,

నవ్వాను, తర్వాత అన్నం సయించలేదు.

షాంపూ తప్పు నాదే. నురుగు అనేది ఎవరికైనా అక్కరలేకుండా ఉంటుందని నాకు ఈ జన్మలో తట్టేది కాదు. ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ఉన్నదంతా పారబోయించు. ట్యాంకులో, పైపుల్లో, ఫిల్టర్ గిన్నెలో ఉత్త నీళ్లు తిప్పు. బయటికి వచ్చిన నీళ్లు సీసాలో పట్టి గట్టిగా ఊపు. నురుగు నిలబడితే మళ్లీ తిప్పు. నిలబడకపోతేనే కొత్త కూలెంట్.

బావ సంగతి. నాకు కోపం ఎంత తేలిగ్గా పోయిందో చెప్పలేను. నా గొంతు వినపడక "సరే సరే" అన్నాడన్నమాట. నేను ఈయనకి నేనంటే పడడం లేదని అలిగి కూర్చున్నాను. సిగ్గేసింది.

కానీ నీతో ఒప్పుకోను. ఆయనకి తెలీదా? చెవులు ఆయనవి, అక్కా. నువ్వు ఆయన దగ్గర దాస్తున్నావు, ఆయన నీ దగ్గర దాస్తున్నాడు, మధ్యలో డ్రిల్లులు విరుగుతున్నాయి. చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. ఈ పంపుల మధ్య పనిచేసేవాళ్లం మేమందరం ఏడాదికోసారి వెళ్తాం. అందులో చిన్నతనం ఏముంది?

చెప్పు. లేదా నన్ను రమ్మను, నేను చెప్తాను.

చంటి

*

వర్క్‌షాపు, టేబుల్ దగ్గర

చంటీ,

పంపు పని చేస్తోంది.

సీసా ఊపి ఊపి చెయ్యి పీకింది గానీ నురుగు పోయింది. మొదటి రంధ్రం వేసినప్పుడు మళ్లీ గొడవే. డ్రిల్లుని పట్టే కాలెట్ మామూలుది పెట్టాం. దాని చీలికల్లోంచి నీళ్లన్నీ గొడుగులా పక్కలకి చిమ్మాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, డ్రిల్లు మొన దగ్గర మాత్రం చుక్క లేదు. చీలికలు మూసి ఉండే కాలెట్ తెప్పించాం. ఈసారి డ్రిల్లు దిగింది, ఎక్కడా ఆగకుండా, అడుగుదాకా. తలుపు తీసి తురుము చేతిలోకి తీసుకున్నాను. గోరుముక్కల్లా చిన్నవి. చల్లగా ఉన్నాయి, చంటీ! ఉక్కులోంచి అప్పుడే వచ్చిన తురుము చల్లగా ఉండడం నేనెప్పుడూ ఎరగను. మరి ఆ వేడంతా ఎటు పోయినట్టు? నీళ్లు పట్టుకుపోయాయి. ట్యాంకు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. నీకు చూపించాలనిపించింది.

ఇంత సంతోషంలో వెనక్కి తిరిగితే మీ బావ లేడు. టేబుల్ మీద మిషన్ తాళం ఉంది.

ఇంటికెళ్లి అడిగాను, ఎదురుగా నిలబడి, మెల్లగా. "నువ్వూ లేత్ ఆయనా నడుపుకోండి. ఇప్పుడు దానికి నాతో పనేముంది?" అన్నాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన్ని నిలబెట్టాలని పంపు తెస్తే అదే ఆయన్ని బయటికి పంపింది. చెప్పమన్నావు. ఏ నోటితో చెప్పను? రోజూ వస్తున్నాడు, వచ్చి మూల స్టూలు మీద కూర్చుని దిమ్మల అంచులు ఆకురాయితో రుద్దుతున్నాడు. కొత్తగా చేరిన పనివాడిలా. చూడలేకపోతున్నాను.

అక్క

*

వర్క్‌షాపు, మూల స్టూలు

బావమరిదీ,

నేను ఉత్తరం రాసి ఎంత కాలమైందో. అక్షరాలు వంకరపోతే నవ్వుకో.

నా చెవుల సంగతి మీ అక్కకి తెలుసని నాకు తెలుసు. ఈ మధ్య నాతో మాట్లాడేముందు నా ఎదురుగా వచ్చి నిలబడుతోంది, మాటల్ని ఒత్తి పలుకుతోంది. ఇన్నేళ్ల కాపురంలో నాతో అంత నెమ్మదిగా ఎప్పుడు మాట్లాడింది? మొదట ఏం తప్పు చేశానా అని భయపడ్డాను.

డాక్టర్ దగ్గరికి నేనే పోయాను, ఎవరికీ చెప్పకుండా. సన్నటి చప్పుళ్లు ఇక తిరిగి రావన్నాడు. చెవిలో పెట్టుకునే మిషన్ ఇచ్చాడు. షాపులో పెట్టుకుంటే అన్ని మోతలూ కలిసి బుర్ర పగిలిపోతుంది. ఇంట్లో పెట్టుకుంటే మీ అక్కకి కనపడుతుంది. అందుకని బీరువాలో పెట్టాను.

పంపు వద్దని ఎందుకన్నానో చెప్తాను. కూత వినపడడం మానేశాక నేను కళ్లతో నడిపాను. తురుము రంగు చూసి, అది చుట్టుకునే తీరు చూసి. కొన్నిసార్లు అందింది, కొన్నిసార్లు అందక విరిగింది. ఉన్న ఆ రెండు కళ్ల ముందు మీరు తలుపు మూసి తెల్లటి తెర వేస్తామన్నారు. నేనేం మిగిలాను? ఆ మాట బయటికి చెప్పాలంటే చెవుల సంగతి చెప్పాలి. అందుకే తాళం పెట్టేశాను. నా మీద నాకే జాలేసింది, దాస్తే ఏమొస్తుంది.

నిన్న ఏమైందంటే, మీ అక్కా లేత్ ఆయనా కలిసి దిమ్మ ఎక్కించారు. పంపు మొదలైంది. ఆ హోరు మీద ఒకరి మాట ఒకరికి వినపడడం లేదు. మీ అక్క అరుస్తోంది, ఆయన "ఆఁ?" అంటున్నాడు. ఆయన అరుస్తున్నాడు, మీ అక్క "ఏంటీ?" అంటోంది. డ్రిల్లు ఏం చేస్తోందో ఇద్దరికీ తెలీదు. దిక్కులు చూస్తున్నారు. నేను స్టూలు మీద కూర్చుని చూస్తుంటే మొదట నవ్వొచ్చింది. అప్పుడు తట్టింది నాకు. వీళ్లు ఇవాళ పడుతున్న అవస్థలో నేను ఎన్ని నెలలుగానో పని చేస్తున్నాను.

లేచి వెళ్లి మిషన్ తలుపు మీద అరచెయ్యి పెట్టాను. నీటి అదురు ఒకలా ఉంది, దాని కింద డ్రిల్లు అదురు వేరేగా ఉంది. మిషన్ కంప్యూటర్ తెర మీద, డ్రిల్లు మీద పడే భారం చూపే లోడ్ గీత చూశాను. నా చేతి కింద అదురు గరగరగా మారిన కాసేపటికి ఆ గీత లేవడం మొదలైంది. ఆపేశాను. తలుపు తీసి చూస్తే డ్రిల్లు మొన అంచు చితికి ఉంది. ఇంకో దిమ్మకి వెళ్తే విరిగేది. దిమ్మ బాగానే ఉంది. మీ అక్క నన్ను చూసిన చూపు నేను రాయలేను.

తాళం జేబులో వేసుకున్నాను. కొత్త డ్రిల్లు బిగించి మళ్లీ పంపు ఆన్ చేశాను. ఇక ఎవరేమన్నా ఆ హోరులో ఎవరికి వినపడుతుంది?

ఫోను ఎత్తలేదని నువ్వు అలిగావని మీ అక్క మాటల్లో తెలిసింది. నీ మీద నాకు కోపమేంటిరా పిచ్చోడా. నీ గొంతు వినపడక, "ఏంటి, ఏంటి" అని అడిగించుకోవడం ఇష్టం లేక పెట్టేశాను. ఇక మీదట నాకూ ఒక కాగితం రాయి. ఆ డెబ్బై బార్ల పంపు లోపల ఏముంటుందో బొమ్మ గీసి పంపు. మూడు పిస్టన్లు అంటారు, అవి ఒకదాని తర్వాత ఒకటి ఎలా తోస్తాయో నాకు అంతుపట్టలేదు. మెకానిక్‌ని అడిగితే జవాబు వినపడలేదు, రెండోసారి అడగడానికి మొహమాటపడ్డాను.

మీ అక్కకి ఇవన్నీ నోటితో చెప్పడం నాకు చేతకాదు. ఏడుస్తుంది. ఈ కాగితం అంటించకుండా దాని చేతికే ఇస్తున్నాను, పోస్టు డబ్బాలో వెయ్యమని.

మీ బావ

చంటీ, నేనే, అక్కని. చదివాను. చదివి ఏడ్చాను, ఆయన చెప్పినట్టే.

ఉత్తరం పట్టుకుని మిషన్ దగ్గరికి వెళ్లాను. పంపు నడుస్తోంది. ఆయన తలుపు మీద అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. నేనూ పక్కనే చెయ్యి పెట్టాను. నాకు ఒట్టి అదురే తెలిసింది, ఆయనకి తెలిసేదేంటో నాకేం తెలీలేదు. నేర్పమని సైగ చేశాను. నా చెయ్యి తీసుకుని కాస్త కిందకి జరిపి నొక్కిపట్టాడు. దిమ్మ అయిపోయింది, పంపు ఆగింది. షాపంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆయన చెయ్యి తియ్యకుండా నావైపు తిరిగి అడిగాడు, లేత్ ఆయన ఎదురుగానే, గట్టిగా:

"ఆగిందా? నాకు వినపడదు, చెప్పు."

ఆగిందని చెప్పాను.

అక్క